ఒకే వాన పడే చోట నేల ఒక ఊళ్ళో నలుపు, పక్క ఊళ్ళో ఎరుపు ఎందుకు?

గ్రూప్స్‌కి చదువుతున్నానని, శీతోష్ణస్థితి, నేలలు, అడవులు అనే మూడు పాఠాల్నీ మూడు పట్టికలుగా బట్టీ కొడుతున్నానని, నెల తిరిగేసరికి ఒకదాని లెక్క ఇంకోదాంట్లో కలిసిపోతోందని రాశారు. చివర్లో అసలు ప్రశ్న అడిగారు: మా మండలం మొత్తం పడేది ఒకే వాన కదా, మరి మా ఊళ్ళో నల్లరేగడి, మూడు కిలోమీటర్ల అవతల ఎర్ర చెల్క ఎందుకున్నాయి, అడవులు నరికితే వానలు తగ్గుతాయంటారు అది నిజమేనా అని. పట్టికలు కాసేపు పక్కన పడేయండి. ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే ఆ మూడు పాఠాలూ ఒకటే పాఠమని మీకే అర్థమవుతుంది.

నేను ముప్ఫై ఏళ్ళ పైచిలుకు నేలల సర్వేలో పనిచేశాను. పనంటే ముఖ్యంగా గుంతలు తవ్వించడమే. మనిషి లోతు గుంత తవ్వించి, దాంట్లోకి దిగి, గోడని కత్తితో గీకుతూ ఏ పొర ఎంత లోతుందో, ఏ రంగుందో రాసుకోవడం. పిల్లలు చుట్టూ చేరి "ఎవరు పోయారు సార్" అని అడిగేవాళ్ళు. అలా ఎన్ని గుంతల్లోకి దిగానో లెక్కలేదు గానీ నాకు అర్థమైంది ఒకటే. మన దేశంలో నేలనీ అడవినీ మలిచేది వాన పడే నాలుగు నెలలకంటే ఎక్కువగా వాన పడని ఏడెనిమిది నెలలు. అందుకే ఎక్కడికెళ్ళినా వాన ఎన్ని మిల్లీమీటర్లు అని ముందు అడగను. ఎండు నెలలు ఎన్ని, పడిన నీరు ఆ నెలల్లో ఎక్కడ దాక్కుంటుంది అని అడుగుతాను.

ఉదాహరణకి అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మి.మీ. లండన్‌లో 600 చుట్టుపక్కల. పెద్ద తేడా ఏమీ లేదు. అయినా అక్కడ పచ్చగడ్డి మైదానాలు, ఇక్కడ ముళ్ళకంపలు. లండన్‌లో ఆ కాస్త వానే పన్నెండు నెలలూ సన్నగా పడుతూ ఉంటుంది, ఎండ మందంగా ఉంటుంది కాబట్టి ఆవిరయ్యేదీ తక్కువే. అనంతపురంలో ఉన్న వానంతా కొన్ని రోజుల్లో దబదబా కురిసి పోతుంది, ఆ తర్వాత ఏప్రిల్, మే నెలల్లో తొట్టిలో నీళ్ళు పెట్టి చూస్తే రోజుకి 10 మి.మీ. దాకా ఆవిరైపోతాయి. అంటే ఆ రెండు నెలల ఎండే ఏడాది వాన మొత్తాన్ని తాగేయగలదు. మరోవైపు చిరపుంజి చూడండి. ఏడాదికి 11,000 మి.మీ. పైనే పడుతుంది, 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా పన్నెండు నెలల్లో 26,461 మి.మీ. పడి ప్రపంచ రికార్డు కూడా అక్కడే ఉంది. అలాంటి చోట శీతాకాలంలో ఆడవాళ్ళు నీళ్ళకోసం బిందెలు పట్టుకుని నడుస్తారు. కొండమీద మట్టి పలచన, చెట్లు పోయిన చోట అదీ కొట్టుకుపోయింది, పడిన నీరు పడినట్టే కిందికి జారిపోతుంది, నవంబరు దాటాక దాచుకున్నదంటూ ఏమీ ఉండదు. వాన లెక్క ఒక్కటే చూస్తే ఈ రెండు ఊళ్ళూ అర్థం కావు.

రుతుపవనాల గురించి ఎక్కువ చెప్పను, మీ పుస్తకంలో ఉంటుంది. ఒక్క సంగతి మాత్రం సరిచూసుకోండి. నేల వేడెక్కుతుంది, సముద్రం చల్లగా ఉంటుంది, అందుకని గాలి లోపలికొస్తుంది అని రాస్తారు. అది సగం మాటే. అదొక్కటే కారణమైతే వాన మేలో దంచికొట్టాలి కదా, నేల పెనంలా కాలేది అప్పుడే. కానీ నేల తడిసి చల్లబడ్డాక, జులైలో, ఎక్కువ వాన పడుతుంది. భూమధ్యరేఖ దగ్గర తిరిగే మబ్బుల పట్టీ ఒకటుంది, అది సూర్యుడి వెంట ఉత్తరానికి జరుగుతూ వచ్చి మన నెత్తిన నాలుగు నెలలు కూర్చుంటుంది, హిమాలయాలూ టిబెట్ పీఠభూమీ దానికి సాయం చేస్తాయి. సూర్యుడితో పాటు మళ్ళీ వెళ్ళిపోతుంది. జూన్ 1కి కేరళ, ఆ వారం పది రోజుల్లో, మృగశిర కార్తె వచ్చేనాటికి, మన తలుపు తడుతుంది. వెనక్కి పోవడం పశ్చిమ రాజస్థాన్ నుంచి సెప్టెంబరు 17 ప్రాంతంలో మొదలవుతుంది. ఈ తేదీలు బట్టీ పట్టడానికి కాదు, వాటి మధ్య దూరం చూడటానికి ఇస్తున్నాను. కేరళకి ముందొచ్చి ఆలస్యంగా పోతుంది, పైగా అక్టోబరులో ఈశాన్య రుతుపవనం వాన కూడా ఉంది, కాబట్టి ఎండు నెలలు తక్కువ. జైసల్మేరుకి ఆఖర్న వచ్చి ముందే పోతుంది, ఎండు నెలలే ఎక్కువ. దేశం సగటు తీస్తే ఆ నాలుగు నెలల్లో పడేది 87 సెం.మీ., ఏడాది వానలో ముప్పావు వంతు. నెల్లూరు, తిరుపతి వైపు లెక్క వేరు, వాళ్ళకి అసలు వాన అక్టోబరు, నవంబరు నెలల్లో, తుపానులతో కలిసి వస్తుంది. ఇది గుర్తుంచుకోండి, ఎర్రచందనం దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇక మీ రెండు ఊళ్ళ సంగతి.

తెలంగాణలో ఏ గుట్టెక్కి చూసినా కనిపించేదే. పైన బోడిబండ, గ్రానైట్. దాని కింద వాలులో ఎర్ర చెల్క, కాస్త ఇసుకపాలు ఎక్కువైతే దుబ్బ. ఇంకా దిగితే రంగు ముదిరి గోధుమరంగు. అట్టడుగున వాగు పక్కనో చెరువు కిందో రేగడి. రాయి ఒకటే, వాన ఒకటే. తేడా ఎక్కడొచ్చిందంటే నీరు జారిపోయే చోటికీ నిలిచిపోయే చోటికీ మధ్య వచ్చింది. పైన పడ్డ వాన రాయిలోని సున్నం, మెగ్నీషియం, సోడియం, సిలికా కరిగించుకుని కిందికి పోతుంది. వెనక మిగిలేది ఇనుము, ఎండు నెలల్లో దానికి గాలీ వేడీ తగిలి తుప్పు పట్టిన మేకులా ఎర్రబడుతుంది. పల్లంలో చేరిన నీటికి పోయే దారి లేదు. ఎండాకాలంలో నీరు ఆవిరైపోతుంది, అది మోసుకొచ్చిన సరుకు మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఆ సున్నం, మెగ్నీషియం, సిలికా ఉన్న చోటే స్మెక్టైట్ అనే బంకమట్టి తయారవుతుంది. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నోరు తెరుస్తుంది. వాన ఏడాది పొడుగునా పడుతూ ఉంటే ఆ సరుకు పల్లంలో నిలిచేది కాదు, కొట్టుకుపోయేది, రేగడి అనేదే ఉండేది కాదు. రేగడి ఎండు నెలల బిడ్డ అని నేను కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెప్పేవాణ్ణి, వాళ్ళు నవ్వేవాళ్ళు గానీ మర్చిపోయేవాళ్ళు కాదు.

ఈ రెండు నేలలూ ఒకే కంచెలో ఉన్న చోటు పటాన్‌చెరు. 1972లో ఇక్రిశాట్ అక్కడ పెట్టారు, ఆ పొలంలో ఒకవైపు లోతైన రేగడి, ఇంకోవైపు ఎర్రనేల. మెట్ట పంటల మీద పరిశోధన చేసే సంస్థకి అంతకంటే అనువైన చోటు దొరకదు. అక్కడి ఎర్రనేల రకానికి పటాన్‌చెరు అని, రేగడి రకానికి పక్కనున్న కాశిరెడ్డిపల్లి అని పేర్లు. నేలల శాస్త్రంలో నేల రకాలకి ఇలా ఊళ్ళ పేర్లే పెడతారు, నాకు ఈ ఉద్యోగంలో బాగా నచ్చిన విషయం అది.

అయితే రేగడి అంతా పల్లంలోనే ఉంటుందనుకోవద్దు. మహారాష్ట్ర, దానికి ఆనుకున్న ఆదిలాబాద్, వికారాబాద్ వైపు మైళ్ళ కొద్దీ రేగడి బసాల్ట్ రాయి మీద ఉంది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా అది. ఆ రాయిలోనే సున్నం, మెగ్నీషియం దండిగా ఉంటాయి కాబట్టి పల్లమే కానక్కర్లేదు. కర్నూలు, ప్రకాశం రేగళ్ళలో చాలావరకు సున్నపురాయి, పలకరాయి మీద ఏర్పడ్డవి, కృష్ణ డెల్టాలోది నది తెచ్చిన ఒండ్రు. పరీక్షలో "నల్లరేగడి దేనివల్ల" అంటే లావా అని టిక్కు పెడతారు, పెట్టండి, మార్కులొస్తాయి, కానీ గుంటూరులో లావా ఎక్కడుందని ఎవరైనా అడిగితే మాత్రం ఈ మాట గుర్తుచేసుకోండి.

రంగు గురించి ఇంకో భ్రమ. నల్లగా ఉంది కాబట్టి సత్తువ ఎక్కువ, పశువుల ఎరువులాంటిదేదో కలిసి ఉంటుంది అనుకుంటారు. ఉక్రెయిన్ నల్లనేలలో అది నిజం, వందల ఏళ్ళ గడ్డి కుళ్ళిన నలుపు అది. మన రేగడిలో సేంద్రియ కర్బనం సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. ఉన్న కొంచెమే బంకమట్టిని గట్టిగా పట్టుకుని మొత్తానికి రంగు పులుముతుంది. మన ఎండకి ఆకూ అలమూ నేలలో నిలవవు, కాలిపోయినట్టే పోతాయి. కాబట్టి రేగడి గొప్పతనం ఎరువులో లేదు, నీళ్ళు దాచుకోవడంలో ఉంది.

ఆ దాచుకోవడం ఎంతో లెక్క వేద్దాం, ఈ భాగం మాత్రం నిదానంగా చదవండి. మీటరున్నర లోతున్న మంచి రేగడి, మొక్కకి అందే నీరు 200 మి.మీ. పైగా పట్టుకుంటుంది. మామూలు ఎర్ర చెల్క, కింద మొరం తగిలే లోపు, 60 నుంచి 100. నిండుగా ఉన్న పైరు రోజుకి 5 మి.మీ. తాగుతుందనుకోండి. చెల్కలో పన్నెండు రోజుల నుంచి ఇరవై రోజులకి నీరు ఖాళీ. రేగడిలో నలభై రోజులు. వర్షాకాలం మధ్యలో రెండు వారాలు, మూడు వారాలు వాన ముఖం చాటేయడం మనకి మామూలే. 2002 జులైలో అయితే దేశం మొత్తం మీద వాన మామూలులో సగానికి పడిపోయింది. అలాంటప్పుడు ఒకే మబ్బు కింద ఉన్న రెండు పొలాల్లో ఒకటి ఎండిపోతుంది, రెండోది నిలబడుతుంది. వానాకాలం అంతా బీడుగా ఉంచి, నీరు తాగనిచ్చి, అక్టోబరులో శనగ, జొన్న విత్తి, ఒక్క చినుకు లేకపోయినా ఫిబ్రవరికి పంట ఇంటికి తెచ్చుకునే పద్ధతి రేగడి రైతుకే చెల్లింది. చెల్కలో అది కుదరదు, అక్కడ పునాస పంట, వేరుశనగో ఆముదమో కందో, వానతో పాటే పరుగెత్తాలి. ఆ మాటకొస్తే రేగడితో బాధ కూడా తక్కువేం కాదు. వానపడితే నడవలేం, నాగలి దిగదు, చెప్పుకి రెండు కిలోల మట్టి అంటుకుంటుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు. నేను ఒక జులైలో జీపు వదిలేసి నాలుగు కిలోమీటర్లు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను.

చెరువు పూడిక మట్టి చెల్కలో తోలడం ఎందుకో ఇప్పుడు అర్థమైపోతుంది. గుట్టమీంచి వాలులోంచి కొట్టుకొచ్చిన సన్న బంకమట్టీ, సరుకూ అంతా చెరువులో ఉంది, దాన్ని మళ్ళీ పైకి చేర్చడమే ఆ పని. తాతల కాలం నుంచీ బండ్లతో తోలారు, 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల బాగు పథకం మిషన్ కాకతీయలో ట్రాక్టర్లతో పెద్ద ఎత్తున తోలారు. చెల్కకి నీళ్ళు పట్టుకునే శక్తి పెంచడానికి ఇంతకంటే మంచి మందు నేను చూడలేదు, మట్టిలో చౌడు లేదని ముందు చూసుకుంటే చాలు.

జేగురు నేల, అంటే లేటరైట్, సంగతి ఇంకో చివర. వాన దంచికొట్టి, సిలికాని కూడా కడిగేసి, ఇనుమూ అల్యూమినియమూ మాత్రమే మిగిల్చిన నేల. తడిగా ఉన్నప్పుడు గొడ్డలితో ఇటుకల్లా కోయొచ్చు, ఎండలో పెడితే రాయవుతుంది. ఎండ లేకపోతే ఇదీ రాయి కాదు. ఫ్రాన్సిస్ బుకానన్ కేరళలోని అంగాడిపురం దగ్గర చూసి, 1807లో అచ్చయిన తన పుస్తకంలో, ఇటుక అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి పేరు పెట్టాడు. బీదర్ కోట ఆ రాతితో కట్టిందే, జహీరాబాద్ ఎర్రమట్టి కూడా ఆ కుటుంబమే. మహాబలేశ్వరం మీద బసాల్ట్ రాతి నెత్తిన జేగురు టోపీ ఉంటుంది, అక్కడ వాన 6,000 మి.మీ. దాకా. అదే బసాల్ట్ మీద తూర్పుకి దిగి పుణె దాటిపోతే వాన 700కి పడిపోతుంది, నేల రేగడి అయిపోతుంది. మీ మండలంలో వాన ఒకటే, వాలు వేరు. అక్కడ రాయి ఒకటే, వాన వేరు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నేలల పాఠం ముప్పావు వంతు అయిపోయినట్టే. (ఆ జేగురు ఈనాటి వానలకే తయారైంది కాదు, చాలా పాతది, ఆ గొడవ మీ సిలబస్‌లో లేదు.)

చౌడు గురించి రెండు ముక్కలు. నీరు కిందికి పోవడం కన్నా పైకి ఆవిరవడం ఎక్కువైన చోట ఉప్పు పైకి తేలుతుంది. అంతే. చిరపుంజి మట్టి పుల్లన, అంటే ఆమ్లం పాలు ఎక్కువ, అనంతపురం మట్టి సున్నం, చౌడు వైపు. కడిగే వాన ఎంత, పీల్చే ఎండ ఎంత అన్న తూకమే అది.

ఇప్పుడు అడవి. పుస్తకంలో సతత హరిత, ఆకురాల్చే, చిట్టడవి, మడ అడవి అని వరసగా వాన లెక్కలతో ఉంటాయి. 1968లో ఛాంపియన్, సేథ్ అనే ఇద్దరు అటవీ అధికారులు మన అడవుల్ని 16 తరగతులుగా విడగొట్టారు, ఇప్పటికీ అదే వాడుతున్నాం. నేను మాత్రం అడవిలోకి వెళ్తే చెట్టు ఎన్ని నెలలు మోడుగా నిలబడుతుందో అడుగుతాను. రెండు మూడు నెలలకి మించి ఎండ లేని చోట, పశ్చిమ కనుమల్లో, చెట్టు ఆకు రాల్చాల్సిన పనే లేదు. ఐదారు నెలలు ఎండితే ఆకు రాల్చక తప్పదు, ఎందుకంటే ఆకంటే నీళ్ళు కారే చిల్లు. అంతకన్నా ఎండితే ఆకు చిన్నదై, ముల్లై, తుమ్మ, రేగు, బలుసు మిగులుతాయి. నల్లమలలో మార్చిలో నడవండి. నల్లమద్ది, చిరుమాను, తునికి, ఏగి, అన్నీ మోడులే, కాలికింద ఆకులు కరకరమంటుంటాయి, ఒక్క అగ్గిపుల్లకి కొండంతా అంటుకునేలా ఉంటుంది. కార్చిచ్చులన్నీ ఫిబ్రవరి నుంచి మే దాకా ఎందుకొస్తాయో అడగక్కర్లేదు.

కానీ వింత చూడండి. ఏప్రిల్‌లో, ఇంకా వానకి రెండు నెలలుండగా, నిప్పులు చెరిగే ఎండలో కానుగ నిగనిగలాడుతూ చిగురు వేస్తుంది. మోదుగ అయితే ఒక్క ఆకు లేకుండా హోళీ నాటికి ఎర్రగా పూసి కూర్చుంటుంది. వాన రాలేదు, నేల పైనంతా ఎండిపోయింది, ఆ నీరెక్కడిది? లోతు వేళ్ళు అడుగు పొరల్లో పట్టుకున్న నీరు కొంత, ఆకు రాల్చి కాండంలో మిగుల్చుకున్నది కొంత. పగటి పొద్దు పెరగడం చూసి, వాన వచ్చేసరికి ఆకు సిద్ధంగా ఉండాలని, ముందే పని మొదలుపెడుతుంది. మనం పంటకి దుక్కి ముందే దున్నుకున్నట్టు. కాబట్టి ఏ చెట్టు ఎక్కడ ఉంటుందనేది కూడా కింద ఎంత లోతు నేలుంది, దాంట్లో ఎంత నీరుంది అన్న దగ్గరికే వస్తుంది.

టేకు చూడండి. దానికి మంచి వాన కావాలి, దాంతోపాటు మూడు నుంచి ఐదు నెలల కచ్చితమైన ఎండా కావాలి, నీరు నిలవని లోతైన నేల, అందులో సున్నం కావాలి. బసాల్ట్ మీద, ఆదిలాబాద్ అడవుల్లో, దానికి ఇవన్నీ దొరుకుతాయి. ఎండు నెలల్లో పెరగడం ఆపేస్తుంది కాబట్టి కలపలో ఏటా ఒక గీత పడుతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళు కేరళ టేకు గీతలు కొలిచి 500 ఏళ్ళ పైబడిన వరస తయారుచేశారు, ఏ ఏడు వాన బాగా పడింది, ఏ ఏడు ఎగ్గొట్టింది దాన్ని బట్టి పట్టుకుంటారు. ఏడాది పొడుగునా వాన పడే చోటి చెట్లలో చాలావాటికి ఆ గీతలే సరిగ్గా పడవు. టేకుకి పోటీ సాలు, మన గుగ్గిలం చెట్టు, మధ్య, తూర్పు భారతం అడవుల్ని పంచుకుంది, సహజంగా గోదావరి దాటి దక్షిణానికి రాదు. మధ్యప్రదేశ్‌లో కొన్నిచోట్ల నడుస్తుంటే బసాల్ట్ ఉన్నంతసేపూ టేకు, రాయి మారగానే సాలు. అడవి మారిందంటే కింద రాయి మారిందన్నమాట. ఒకసారి లోతులేని మొరం నేలలో, నేను వద్దని రాసిచ్చినా, వరసలు తీర్చి టేకు నాటించారు. పదేళ్ళ తర్వాత వెళ్తే నా చేతికర్రకన్నా కొంచెం లావున్నాయి.

ఎర్రచందనం లెక్క ఇంకా తమాషా. ప్రపంచంలో సహజంగా అది పెరిగేది శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల వైపే, వాటి చుట్టుపక్కల కొంచెం. క్వార్ట్‌జైట్ రాయి, పలకరాయి, పలచని మట్టి, ఎండకి కాగే కొండ. ఇలాంటి చోట మిగతా చెట్లు ఎదగలేవు. కానీ ఆ కొండలకి నైరుతి వాన కొంచెం, ఈశాన్య వాన కొంచెం, రెండు విడతలుగా అందుతుంది, నెల్లూరు సంగతి ఇందాక చెప్పాను కదా, కాబట్టి పలచని నేలలో కూడా నీరు రెండుసార్లు నిండుతుంది. నెమ్మదిగా పెరుగుతుంది, అందుకే ఒక చెట్టు నరికితే దాని చోటు నిండటానికి ఒక మనిషి జీవితకాలం సరిపోదు.

మడ అడవులు, షోలాలు (దక్షిణాది ఎత్తైన కొండల లోయల్లో ఉండే పొట్టి అడవులు) వదిలేస్తున్నాను, వాటికి ఈ లెక్క ఒక్కటే సరిపోదు, ఉప్పునీరు, ఎత్తు, చలి కూడా కావాలి.

ఇక అడవి నరికితే వాన తగ్గుతుందా? "అడవి ఉంటేనే మబ్బు వస్తుంది" అన్నంత సూటిగా అయితే కాదు. మన వాన సరుకులో పెద్ద వాటా అరేబియా సముద్రం, హిందూ మహాసముద్రం నుంచి వచ్చేదే, మీ మండలంలో చెట్లున్నాయో లేవో చూసి అది ఆగదు. అయితే పడిన వానలో కొంత చెట్లూ నేలా తిరిగి ఆవిరిచేస్తే అది మళ్ళీ ఇంకోచోట వానగా పడుతుంది, వర్షాకాలం చివరికొచ్చేకొద్దీ, సముద్రపు గాలి బలహీనపడి నేల తడిసి ఉన్నప్పుడు, ఈ వాటా పెరుగుతుంది. గంగా మైదానం, ఈశాన్యంలో ఇది గట్టిగానే కనిపిస్తుంది. కాబట్టి దేశమంత అడవి పోతే తేడా ఉంటుంది, మీ గుట్ట మీద చెట్లు పోతే వాన తగ్గిందని మాత్రం చెప్పలేం.

అయితే మారేది ఇంకోటుంది. వాన తగ్గకపోయినా ఎండు నెలలు పెరుగుతాయి. వినడానికి విచిత్రంగా ఉంటుంది, కానీ గుంతల్లో నేను చూసింది ఇదే. చెట్టు కింద ఆకు, దాని కింద చెదలూ వానపాములూ చేసిన రంధ్రాలు, వాటిలోంచి నీరు నేలలోకి ఇంకుతుంది. చెట్టు పోయాక పెద్ద చినుకు నేరుగా మట్టిని కొడుతుంది, ఎర్రనేల అయితే పైన అట్ట కట్టి నీటిని లోపలికి రానివ్వదు, నీరు పారుతుంది, పారేటప్పుడు మట్టిని పట్టుకుపోతుంది. 1983లో వేసిన లెక్క ప్రకారం దేశంలో ఏటా హెక్టారుకి సగటున 16 టన్నుల పైచిలుకు మట్టి కోతకి గురవుతోంది, అందులో పదో వంతు రిజర్వాయర్లలో చేరుతోంది, 29 శాతం సముద్రం పాలవుతోంది. మీ చెల్క లోతు మీటరు నుంచి అరమీటరుకి వచ్చిందనుకోండి. వాన పాతదే, 700 మి.మీ. పడుతూనే ఉంది. కానీ దాచుకునే నీరు సగం అయిపోయింది, ఇందాకటి లెక్కలో ఇరవై రోజులు పది రోజులైంది. రైతు "ఈమధ్య వానలు లేవు సార్" అంటాడు. వాన రికార్డు తీసి చూస్తే ఏమీ తగ్గలేదని ఆఫీసులో వాళ్ళు అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఇక్కడొక హెచ్చరిక. చెట్టు అనగానే నీరు ఆదా అనుకోకండి. చెట్టు కూడా తాగుతుంది. ఎత్తు నేలలో జామాయిల్ వేసి, కింద బావి ఎండిందని గొడవపడే ఊళ్ళు చూశాను, బావి వాళ్ళ మాటే ఎక్కువసార్లు సరైనది. సర్కారు తుమ్మ పచ్చగా కనిపిస్తుంది, దాని కింద గడ్డి మొలవదు. ఫారెస్ట్ సర్వే వాళ్ళ 2023 నివేదికలో అటవీ విస్తీర్ణం దేశంలో 21.76 శాతం అని ఉంది, ఆ అంకె పరీక్షకి గుర్తుంచుకోండి, దాంతోపాటు 1952 అటవీ విధానం నుంచీ వస్తున్న మూడో వంతు లక్ష్యం కూడా. కానీ ఆ లెక్కలో హెక్టారుకి తగ్గకుండా ఉండి నేలలో 10 శాతం మేర చెట్ల నీడ ఉంటే చాలు, కొబ్బరి తోటైనా మామిడి తోటైనా అడవి కిందే వస్తుంది. నల్లమల మద్ది చెట్టు కిందున్న మట్టీ, ఆ తోట కిందున్న మట్టీ చేసే పని ఒకటి కాదు.

ఇక మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఒక పారా, ఒక నిమ్మకాయా తీసుకుని మే నెలలో, వానకి ముందే, మీ రెండు ఊళ్ళ మధ్యన ఉన్న వాలుకి వెళ్ళండి. పైన ఒకచోట, మధ్యలో ఒకచోట, పల్లంలో ఒకచోట, రైతుని అడిగి, మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా తవ్వించండి. తవ్విన బావో, రోడ్డు పని కోసం కోసిన గట్టో ఉంటే ఇంకా తేలిక. రేగడిలో ఒక లోతుకి వచ్చేసరికి తెల్లటి సున్నపు గుండ్లు తగులుతాయి. నిమ్మరసం పిండితే సన్నగా నురగ వస్తుంది. మామూలు ఏడాదుల్లో వాన నీరు దిగి ఆగిపోయే లోతు దాదాపు అదే. వాన తక్కువైన జిల్లాల్లో అది పైకే ఉంటుంది, వాన ఎక్కువున్న చోట లోతుకి పోతుంది, ఎర్రనేల పైభాగంలో అసలు ఉండదు. మూడు గుంతల ఫొటోలూ, సున్నం ఎన్ని జానల లోతులో తగిలిందో రాసి పెట్టండి, ఏది ఏ నేలో చెబుతాను. గుంతలు మాత్రం పూడ్చే రండి, పశువులు పడతాయి.